ఈస్టర్ దాటిన కూర

మా ఊళ్ళో అందరూ ఈస్టర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. నాకు మాత్రం ఈస్టర్ అంటే భయం. ఈస్టర్‌కి ముందు యాభై రోజుల ఉపవాసం, మా నోంబు, మొదలయ్యే నాడు మాంసం, చేప, గుడ్డు, పాలు అన్నీ మానేసి ఊరంతా మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంటే, నేను ఒక్కదాన్ని హమ్మయ్య అనుకునేదాన్ని. నోంబు రోజుల్లో మా ఆయన తాగడు. చుక్క ముట్టడు. ముందు రోజు రాత్రి కల్లు దుకాణంలో ఆఖరి గ్లాసు దించేసి, మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడంటే, ఇక ఈస్టర్ తెల్లవారేదాకా ఆయన వేరే మనిషి. నేను కాపురం చేసిందంటూ ఉంటే ఆ వేరే మనిషితోనే చేశాను.

ఈస్టర్ మధ్యాహ్నానికల్లా పాత మనిషి వచ్చేసేవాడు.

ఇది మా అమ్మాయి షైని పదో తరగతి పరీక్షలు రాసిన ఏటి సంగతి. దానికి ముందు ఏడు ఈస్టర్ నాడు మా అన్నయ్యా వాళ్ళు భోజనానికి వచ్చి కూర్చున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయన అన్నం గిన్నె ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. షైని లేచి వెళ్ళి మెతుకులన్నీ ఎత్తి పోసింది. అప్పటినుంచి ఆ పిల్ల వాళ్ళ నాన్న, అప్పచ్చన్, ఉన్న గదిలోకి అవసరమైతే తప్ప అడుగు పెట్టడం మానేసింది. నేనూ ఒకటి గట్టిగా అనుకున్నాను. వచ్చే ఈస్టర్‌కి మళ్ళీ గ్లాసు పట్టాడంటే పిల్లని తీసుకుని రాన్నిలో మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతాను, ఇక రాను. కోపంతో అనుకున్నది కాదు. కోపం రావాలన్నా ఒంట్లో కొంచెం ఓపిక ఉండాలి కదా, నాకు అది కూడా అయిపోయింది.

నోంబు వచ్చేది సరిగ్గా రబ్బరు చెట్లు ఆకు రాల్చే రోజుల్లో. అప్పుడు చెట్లకు గాటు పెట్టకూడదు. చెట్లకు విశ్రాంతి, రబ్బరు పాలు తీసే మా ఆయనకు పని లేదు. తాగుడు మానిన మనిషికి పని కూడా లేకపోతే సాయంత్రం ఎలా గడుస్తుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఎండ వాలగానే ఆయన కాళ్ళు ఒకచోట నిలవవు. గేటు దాకా వెళ్తాడు, వెనక్కి వస్తాడు. బావిలోకి తొంగి చూస్తాడు. ఉన్న చీపురు బాగాలేదని తిడతాడు. కడుపు నిండుగా ఉంటే ఆ పీకులాట కాస్త తగ్గుతుందని నేను ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్నాను. అందుకని ఆ వేళకి వేడిగా, చిక్కగా, కడుపులో కదలకుండా కూర్చునేది ఏదో ఒకటి ఆయన ముందు పెట్టాలి. నెయ్యి వెయ్యకుండా, పెరుగు కలపకుండా అంత చిక్కటిది ఏముంటుంది, కొబ్బరి పాల ఇష్టు తప్ప.

మొదట్లో అమ్మచ్చి మాట విని మట్టి చట్టిలోనే వండాను. అమ్మచ్చి అంటే మా అత్తగారు. నేను బళ్ళో కుట్టుపని నేర్పే టీచర్ని. పరీక్షల రోజులొచ్చేసరికి ఇంటికి రావడమే పొద్దు వాలాక అవుతోంది. ఒక రోజు ఇక నా వల్ల కాదని అటక మీంచి కుక్కర్ దించాను.

"ఏమే లీలామ్మా, నోంబు కూరకి కూడా ఈల వేయిస్తావా?" అంది అమ్మచ్చి. కాళ్ళు బారజాపుకుని కొబ్బరి కోరుతోంది.

"చట్టిలో ఉడికేలోపు మీ అబ్బాయి గేటు దాటతాడు అమ్మచ్చీ."

"నా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?"

"మీ కాలంలో మామగారు తాగేవారు కాదుగా."

"ఎవరు చెప్పారు?" అంది అమ్మచ్చి, తల ఎత్తకుండా.

నేను కుక్కర్ పొయ్యి మీద పెట్టాను. కుక్కర్‌లో కొబ్బరి నూనె పోసి దాల్చినచెక్క, లవంగం, యాలకులు వేశాను. ఉల్లిపాయలు, అల్లం, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు. ఉల్లిపాయ మెత్తబడాలి కానీ ఎర్రబడకూడదు, ఎర్రబడితే ఇష్టు తెల్లగా రాదు. తర్వాత బంగాళాదుంప, క్యారెట్, బీన్స్, నానబెట్టిన బఠాణీ. కోరిన కొబ్బరిని ఏ నీళ్ళూ పోయకుండా పిండితే వచ్చే మొదటి పాలు పక్కన దాచి, పిప్పిలో గోరువెచ్చటి నీళ్ళు పోసి రెండోసారి పిండిన పల్చటి పాలు కుక్కర్‌లో పోసి మూత పెట్టాను. ఒక్క ఈల చాలు. ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి, నూరిన జీడిపప్పు వేసి, పొయ్యి ఆపేసి, అప్పుడు చిక్కటి పాలు పోయాలి. తొందరపడి ముందే పోస్తే విరిగిపోతాయి.

మా ఆయన అప్పటికే పళ్ళెం ముందు కూర్చున్నాడు. నేను మూత తీశాను. దాల్చినచెక్క వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన కూడా వచ్చింది.

నోంబు ముందు మేం గిన్నెలన్నీ చింతపండు, బూడిద పెట్టి తోమి ఎండలో బోర్లిస్తాం. కుక్కర్ కూడా అలాగే తోమాను. మూతలో ఉండే రబ్బరు చుట్టు సంగతి నాకు తట్టనే లేదు. ఏడాది పొడుగునా ఆదివారం ఆదివారం మిరియాలు, కొబ్బరి ముక్కలు వేసి బీఫ్ ఉడికించిన కుక్కర్ అది. ఆ వాసనంతా రబ్బరు పట్టుకుని కూర్చుంది. వేడి తగలగానే బయటికొచ్చింది. అది మా ఇంటి వాసన కాదు, కల్లు దుకాణం బల్ల మీది వాసన. గ్లాసు పక్కన చిన్న ప్లేటులో పెట్టిచ్చే కూర వాసన.

మా ఆయన ముక్కుపుటాలు అదిరాయి. చేతిలో చెంచా కింద పెట్టాడు. లేచి, చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

షైని పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"ఈ ఏడు ఈస్టర్ దాకా కూడా ఆగలేదన్నమాట," అని వెనక్కి వెళ్ళి చదువుకుంది. పదిహేనేళ్ళ పిల్ల అంత మామూలుగా అనేసింది. చిక్కటి పాలు గిన్నెలో అలాగే ఉన్నాయి, పోయబుద్ధి కాలేదు. అమ్మచ్చి సాయంకాలం ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో రెండుసార్లు తడబడింది.

దీపాలు పెట్టాక వచ్చాడు. నేను ముందు ఆయన నడక చూశాను, తర్వాత కళ్ళు చూశాను. చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. జేబులోంచి కాగితం పొట్లం తీసి పొయ్యి గట్టు మీద పెట్టాడు. కుక్కర్ మూతకి కొత్త రబ్బరు చుట్టు, గాస్కెట్.

"కూడలిలో దొరకలేదు. బస్టాండు దాకా నడిచా. ఆ పాతదాన్ని ఎక్కడైనా దూరంగా పారెయ్యి," అన్నాడు. "పాలు పోశావా?"

"లేదు."

"మరి పొయ్యి. ఆకలేస్తోంది."

ఆ రోజు నేను వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర చాలాసేపు ఏదో సర్దుతున్నట్టు నిలబడ్డాను. నా మొహం ఎవరూ చూడకూడదనిపించింది.

మర్నాటి నుంచి కొబ్బరి పాలు పిండే పని ఆయన తీసుకున్నాడు. నేను బళ్ళోంచి వచ్చేసరికి కాయలు కొట్టి, కోరి, గుడ్డలో వేసి పిండుతూ ఉండేవాడు. రబ్బరు కత్తి పట్టిన చేతులు కదా, చుక్క మిగలకుండా పిండేసేవాడు. "చిక్కటి పాలు పోశాక ఉడకనియ్యకు," అని నాకే చెప్పేవాడు. "మంట ఆపావా? ఆపి పొయ్యి." ఇన్నేళ్ళు వండిందాన్ని నేనైతే మాత్రం ఏం, ఆ సణుగుడు కూడా నాకు బాగానే ఉండేది. అప్పం పిండి పులవడానికి కల్లు కావాలని చెప్పి పోయే మనిషి, ఆ నెలంతా కొబ్బరి నీళ్ళు పోసి పులియబెట్టు చాలన్నాడు.

అమ్మచ్చికి ఇవన్నీ కనపడుతూనే ఉన్నాయి. కానీ ఆవిడ ధ్యాస చేపల మీద ఉండేది. చేప అంటే ప్రాణం ఆవిడకి. నోంబు రోజుల్లో కూడా చేపలబ్బి సైకిలు బెల్లు వినపడితే వసారాలోకి వచ్చి కూర్చునేది.

"ఏం తెచ్చావురా ఇవాళ?"

"కొంటావా అమ్మచ్చీ? నోంబు కదా."

"కొననురా. పేర్లు చెప్పు చాలు."

వాడు నవ్వుతూ చెప్పేవాడు. కవళ్ళు, కానాగంతలు, కరిమీను. కరిమీను అన్నప్పుడు ఆవిడ కళ్ళు మూసుకునేది. "ఈస్టర్‌కి పెద్దవి నాలుగు నాకు దాచిపెట్టు," అని ప్రతి ఏడూ చెప్పే మాట ఆ ఏడూ చెప్పింది.

సగం నోంబు అయ్యాక ఒక శనివారం పొద్దున సామాన్ల గదిలోంచి ద్రాక్ష వాసన వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, అమ్మచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని జాడీలో ద్రాక్షపళ్ళు చేత్తో చిదుపుతోంది. పక్కన పంచదార, గోధుమలు.

మా ఇళ్ళల్లో ఈస్టర్ ద్రాక్షరసం అలాగే పులియబెట్టి చేస్తారు. చర్చి నుంచి రాగానే ఇంటికి పెద్ద ముందు తాను ఒక గుక్క తాగి, తర్వాత అందరికీ తన చేత్తో గ్లాసు అందించాలి. పెద్దవాళ్ళు విడవనిదే ఇంట్లో ఎవరూ నోంబు విడవకూడదు. మామగారు పోయాక ఆ పని అమ్మచ్చిది.

"ఈ ఏడు వద్దు అమ్మచ్చీ," అన్నాను.

"ఏం వద్దు?"

"ఆ జాడీ వద్దు. ఆయనకి మీరిచ్చే గ్లాసుతోనే మళ్ళీ మొదలవుతుంది."

"వాళ్ళ నాన్నకి ఇచ్చాను. మా మామగారికి మా అత్త ఇచ్చింది. దేవుడి పేరు చెప్పి ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసం తాగి ఎవడూ అన్నం గిన్నెలు విసరడు."

"విసిరింది ఆ తర్వాత తాగినదానితో. కానీ తలుపు తీస్తున్నది మీరే కదా."

అమ్మచ్చి చేతులు ఆగాయి. ఆవిడతో నేను ఎప్పుడూ అంత మాట అనలేదు.

"ఈసారి తాగాడంటే షైనిని తీసుకుని వెళ్ళిపోతాను," అన్నాను.

"బెదిరిస్తున్నావా?"

"లేదు అమ్మచ్చీ. చెప్పకుండా పోవడం బాగుండదని చెబుతున్నా. నాకు ఇక చాతకావడం లేదు."

ఆవిడ మళ్ళీ చిదపడం మొదలుపెట్టింది. "వాడు నా కొడుకు. ఈస్టర్ నాడు వాడికి గ్లాసు ఇవ్వని తల్లిని నేను కాను," అంది.

ఆ తర్వాత మేమిద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. రోజూ పొద్దున్నే ఆవిడ చెక్క గరిటెతో జాడీ కలిపే చప్పుడు వినపడేది. మా ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు కొబ్బరికాయలు కొట్టేవాడు. ఎరగనట్టు ఉన్నాడో, లేక ఆయనా ఆ జాడీ కోసమే చూస్తున్నాడో నాకు తెలిసేది కాదు. ఆయన్ని నేను పిలిచేది ఇచ్చాయా అని. ఒకసారి అడిగేశాను.

"ఈస్టర్ తర్వాత ఏం చేస్తారు ఇచ్చాయా?"

ఆయన గుడ్డ పిండుతూ ఆగి, "నన్ను అడక్కు లీలా," అన్నాడు. "నాకు తెలిస్తే చెప్పనా?"

ఈస్టర్ ముందు శుక్రవారం చర్చిలో, సిలువ గుర్తుగా ఇచ్చే చేదు నీళ్ళు తాగి వచ్చాం. శనివారం సాయంత్రం పేరుకి ఆఖరి ఇష్టు వండాను. తర్వాత సంచీలో నావి నాలుగు చీరలు, షైని బట్టలు, దాని పుస్తకాలు సర్ది మంచం కిందికి తోశాను. షైని చూసింది. తన దువ్వెన తెచ్చి అందులో పడేసింది.

ఈస్టర్ నాడు తెల్లవారుజామున చర్చి నుంచి వస్తుంటే దారి పొడుగునా వంటిళ్ళలోంచి బాతు కూర, వేయించిన మాంసం వాసనలు. నేనూ బాతు కూర వండాను, మరి పండగ. బల్ల మీద అప్పాలు, కూర, వేయించిన కరిమీను, గ్లాసులు పెట్టాను. పక్కనే మూతికి గుడ్డ కట్టిన జాడీ. అందరం నిలబడ్డాం. అమ్మచ్చి ప్రార్థన చెప్పింది. మా ఆయన చూపు జాడీ మీంచి కదలలేదు. షైని నా కొంగు పట్టుకుంది.

అమ్మచ్చి కూర్చుంది. జాడీ వైపు చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"లీలామ్మా, నిన్నటి ఇష్టు మిగిలిందా?"

"ఉంది అమ్మచ్చీ."

"కాస్త వేడి చేసి పట్రా."

"ఇవాళ ఈస్టర్ కదా అమ్మచ్చీ," అన్నాడు మా ఆయన.

"తెలుసులేరా. గంటలు విన్నాను. నాకు కళ్ళు మసకే కానీ చెవులు బాగానే ఉన్నాయి."

"మరి?"

"నేను ఇవాళ విడవను."

"ఎందుకని?"

"దేవుడితో కొంచెం పని మిగిలిపోయింది. మీరు తినాలంటే తినండి."

తినమంటే మాత్రం ఎలా తింటాం? పెద్దామె నోంబులో ఉంటే బల్ల దగ్గర మాంసం ఎవరు ముడతారు? ఇష్టు వేడి చేసి తెచ్చాను. నలుగురం అప్పాలు తుంచుకుని అదే తిన్నాం. కరిమీను ముక్కలు ఆవిడ ముక్కు కిందే ఉన్నాయి. ఆవిడ వాటి వైపు చూడకుండా తినడానికి ఎంత కష్టపడుతోందో నాకు కనిపిస్తూనే ఉంది. తిన్నాక బాతు కూర, చేపలు అన్నీ పక్కింటి ఏలియమ్మకి పంపించేశాను.

మధ్యాహ్నం చాకో వచ్చాడు, మా ఆయన స్నేహితుడు. చంకలో సీసా.

"ఏరా పౌలోసే, గ్లాసులేవి?"

"అమ్మచ్చి ఇంకా విడవలేదు."

"ఆవిడ విడవకపోతే నీకేంటి?"

"నాకేంటంటే ఏం చెప్పను," అన్నాడు మా ఆయన. "కూర్చో. ఇష్టు ఉంది, తింటావా?"

చాకో కాసేపు కూర్చున్నాడు. సీసా కుర్చీ కింద పెట్టాడు, మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. చివరికి వేరే ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. మా ఆయన వసారా మెట్ల మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. 

"రేపు విడుస్తుందిలే," అన్నాడు నాతో.

మర్నాడు అడిగాడు. "ఇవాళ వద్దు," అంది అమ్మచ్చి. ఆ మర్నాడూ అదే మాట. వారం గడిచింది, నెల గడిచింది. చర్చి నుంచి ఫాదరు, అంటే మా అచ్చన్, వచ్చి, ఈస్టర్ తర్వాత నోంబు ఉండకూడదు, ఇవి సంతోషించాల్సిన రోజులు అని చెప్పి చూశాడు. "సంతోషంగానే ఉన్నానచ్చా, కూర బాగుంటోంది," అంది. ఆయన తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు.

చెప్పొద్దూ, నాకు మాత్రం విసుగెత్తిపోయింది. రోజూ అదే కొబ్బరి, అదే బంగాళాదుంప, అదే ఒక్క ఈల. దుంపలకి బదులు మునక్కాడ వేశాను, పనసకాయ వేశాను, ఏం వేసినా ఇష్టు ఇష్టే. నిద్రలో కూడా కుక్కర్ ఆవిరి చప్పుడు వినపడేది. మంచం కింది సంచీలోంచి ఏ రోజుకారోజు కావలసిన చీర లాక్కుని కట్టుకుంటూ పోయాను. ఒక రోజు చూస్తే అది ఖాళీగా ఉంది. జాడీలో ద్రాక్షరసం పుల్లబడి వెనిగర్‌లా మారి ఊరగాయకి పనికొచ్చింది. షైని పరీక్ష పాసైంది. ఆ వార్త వాళ్ళ అప్పచ్చన్‌కి తనే వెళ్ళి చెప్పింది, ఆయన ఉన్న గదిలోకి వెళ్ళి.

అమ్మచ్చి చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చేపలబ్బి సైకిలు బెల్లు మోగితే వసారాలోకి రావడం మానేసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం మా ఆయన తడిసి ముద్దై వచ్చాడు. చేతిలో అరిటాకు పొట్లం. నాలుగు కరిమీను చేపలు, అరచెయ్యంతేసివి. బావి దగ్గర కూర్చుని తనే పొలుసు తీసి, కడిగి, పళ్ళెంలో పెట్టి తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టాడు. తను కింద కూర్చున్నాడు.

"అమ్మచ్చీ, తిను. నేను తాగను. నీ మీద ఒట్టు. నా కోసం నువ్వు ఇలా ఎండిపోతుంటే చూడలేను."

అప్పటిదాకా మా ఇంట్లో, ఆవిడ ఆయన కోసమే నోంబు ఉంటోందన్న మాట ఎవరూ పైకి అనలేదు. అమ్మచ్చి వంగి పళ్ళెంలోకి చూసింది. ఒక చేప వీపు మీద వేలితో రాసింది.

"మంచి చేపలురా. తాజావి," అంది. "నాకు వీటి మీద ఆశ పోయిందనుకున్నావా?"

"లేదు."

"పోలేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే నోరూరి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. నీకు పొద్దు వాలితే ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్ళు తెలియలేదు పౌలోసే. మీ నాన్నని తిట్టాను, నిన్ను తిట్టాను, ఎలా ఉంటుందో తెలియకుండానే తిట్టాను. ఇప్పుడు తెలుస్తోంది." పళ్ళెం ఆయన వైపు జరిపింది. "నువ్వు ఉండగలిగినన్నాళ్ళు నేనూ ఉంటా. ఒక్కడివీ ఎలా ఉంటావురా."

మా ఆయన లేచి ఆ పళ్ళెం తీసుకెళ్ళి వానలోనే ఏలియమ్మ ఇంట్లో ఇచ్చి వచ్చాడు. తల తుడుచుకుని, "కొబ్బరి ఎక్కడ పెట్టావు?" అని నన్ను అడిగాడు.